క్లిక్ లేని గొంతు చుట్టూ రాక్ బ్యాండ్: ‘చెర్వోనా కలీనా’ కేస్ స్టడీ

2022 ఫిబ్రవరి 27న కీవ్‌లోని సోఫియా చౌరస్తాలో నిలబడి ఆంద్రీ ఖ్లివ్‌న్యూక్ ఒక పాట ఎత్తుకున్నాడు. ఆయన ఉక్రెయిన్ బ్యాండ్ ‘బూమ్‌బాక్స్’ గాయకుడు. అమెరికా కచేరీలు వదిలేసి యుద్ధానికి వెనక్కి వచ్చాడు. ఒంటి మీద సైనిక దుస్తులు, చేతిలో తుపాకీ. పక్కన వాద్యం లేదు, శ్రుతిపెట్టె లేదు, చెవిలో క్లిక్ (లయ తప్పకుండా వినిపించే టిక్ టిక్) లేదు. ‘ఓయ్ ఉ లూజీ చెర్వోనా కలీనా’ పాటలో ఒకే ఒక్క చరణం పాడి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. కొద్ది రోజులకే దక్షిణాఫ్రికా సంగీతకారుడు ‘ద కిఫ్‌నెస్’ ఆ గొంతు కింద బీట్ వేసి రీమిక్స్ చేశాడు. ఏప్రిల్ 8న అదే గొంతుతో పింక్ ఫ్లాయిడ్ ‘హే హే రైజ్ అప్’ విడుదల చేసింది. డేవిడ్ గిల్మర్ గిటార్, నిక్ మేసన్ డ్రమ్స్, గయ్ ప్రాట్ బేస్, నితిన్ సాహ్నీ కీబోర్డ్.

జానపదాన్ని రాక్‌తో కలిపే పని నేర్చుకోవడానికి ఈ ఒక్క గొంతు చాలు. మామూలుగా స్టూడియోలో ఇబ్బంది వస్తే గాయకుడిని ఇంకోసారి పాడమంటాం. హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ పెడతాం, శ్రుతి ఇస్తాం, పాట వచ్చి బ్యాండ్ లెక్కలో కూర్చుంటుంది. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. సర్దుబాటు ఏదైనా బ్యాండే చేసుకోవాలి. ఉక్రెయిన్ ఫోక్ రాక్‌లో నిలిచిన పాటల్ని, నిలవని పాటల్ని పక్కపక్కన పెట్టి వింటే తేడా ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది: ఎవరు ఎవరి వెంట నడిచారు?

పాట లోపలి లెక్క

ఈ పాటను పూర్తి జానపదం అనలేం. స్తెపాన్ చార్నెత్స్కీ 1914లో ల్వీవ్‌లో ఒక నాటకం కోసం, అంతకుముందే జనం నోట ఉన్న కొసాకు పాట ఆధారంగా దీన్ని కట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధపు ఉక్రెయిన్ సైనిక దళాలు, సిచ్ రైఫిల్‌మెన్, ఎత్తుకున్నాక చరణాలు పెరిగాయి. సోవియట్ కాలంలో బయట పాడితే శిక్ష. అలా నోటి నుంచి నోటికి తిరిగి జానపదం అయింది. కలీనా అంటే ఎర్రపండ్ల గుత్తులు కాసే పొద. పాటలో అది వాలిపోతుంది, పాడేవాళ్ళు దాన్ని లేపి నిలబెడతామంటారు.

చరణానికి నాలుగు వరుసలు. అచ్చుల లెక్కన మొదటి వరుస 15, రెండోది 15, మూడోది 14, నాలుగోది 17. ప్రతి వరుసలో మొదటి భాగం 10 అక్షరాలే. తోక మాత్రం 5, 5, 4, ఆపైన ‘హే హే’తో కలిపి 7. కాగితం మీద ఈ లెక్క వేసుకోకుండా స్టూడియోలోకి వెళ్తే బ్యాండ్ ఏం చేస్తుందో ముందే చెప్పొచ్చు. వరుసకి నాలుగు బార్లు (తాళపు ఆవృతాలు), చరణానికి 16 బార్లు అనుకుని మొదలుపెడతారు. మొదటి రెండు వరుసలూ సరిపోతాయి. మూడో వరుస చివర ఒక స్వరం సాగి, ఖాళీ కనబడుతుంది. డ్రమ్మర్ చెయ్యి ఊరుకోదు, అక్కడో ఫిల్ (ఖాళీ నింపే డ్రమ్ దెబ్బల వరుస) పడుతుంది. వెంటనే నాలుగో వరుసలో ‘హే హే’ పట్టక బార్ గీత దాటి బయటికి పొర్లుతుంది.

దీనికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, ‘హే హే’ని ఎత్తుగడగా తీసుకుని ముందున్న స్వరాన్ని కొయ్యడం, గొంతును కత్తిరించాలి కాబట్టి ఇక్కడ పనికిరాదు. రెండోది, అక్కడ ఒక 2/4 బార్, అంటే రెండు మాత్రల పొట్టి బార్, చేర్చడం. మూడోది, బ్యాండ్ మొత్తం ఆగిపోయి ‘హే హే’ని ఒంటరిగా వదిలి, తర్వాతి అక్షరం మీద అందరూ కలిసి దిగడం. మూడోది బలంగా ఉంటుంది గానీ పాట మొత్తంలో ఒక్కసారే చెల్లుతుంది. మిగతా చోట్ల 2/4 బారే మేలు. మూడో వరుస చివరి ఖాళీలో ఫిల్ వద్దు. అసలు కొట్టాల్సింది నాలుగో వరుసలో. ముందే కొట్టేస్తే అక్కడికి మిగిలేది ఏమీ ఉండదు.

మిగతా జానపద రకాలకీ ఇదే పద్ధతి. కార్పాతియన్ కొండల కొలొమీకాలో వరుసకి 14 అక్షరాలు, 4+4+6గా విరుగుతాయి, తాళం 2/4. అది వేగపు పంక్ డ్రమ్స్ మీద, స్కా (జమైకా నృత్య సంగీతం) మీద దాదాపు మార్పు లేకుండా కూర్చుంటుంది. ‘హైదమాకీ’ లాంటి బ్యాండ్లు కార్పాతియన్ బాణీని స్కా, రెగే వైపు తిప్పడానికి ఈ లెక్క బాగా ఉపయోగపడింది. కొత్త సంవత్సరపు షెడ్రివ్కాలు 4+4. మికోలా లియొంతోవిచ్ 1916లో కీవ్‌లో వినిపించిన ‘షెడ్రిక్’ అలాంటి పాటే. నాలుగు స్వరాల ముక్క ఒకటి ఆగకుండా తిరుగుతుంది. అది గిటార్ రిఫ్‌గా (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న బాణీగా) పుట్టినట్టే ఉంటుంది, కానీ దాని లయ మూడు మాత్రలది. 4/4లోకి లాగితే బరువు పడాల్సిన అక్షరం ప్రతి ఆవృతంలో చోటు మారుతుంది. కావాలని చేస్తే బాగుంటుంది, తెలియక చేస్తే తడబాటులా వినిపిస్తుంది.

గొంతు శుభ్రం చేయడం

ఇలాంటి వీడియోల ఆడియో కంప్రెస్ అయి వస్తుంది. 15, 16 కిలోహెర్ట్జ్ పైన సమాచారం ఉండదు కాబట్టి అక్కడ మెరుపు కోసం ఈక్వలైజర్ పెంచితే ఇసుక రాలిన చప్పుడే వస్తుంది. 100 నుంచి 120 హెర్ట్జ్ కింద కోసెయ్యాలి; గాలి, వాహనాల రొద అక్కడే ఉంటుంది. నాయిస్ తగ్గించే ప్లగిన్‌ని 6 నుంచి 8 డెసిబెల్స్ దగ్గర ఆపాలి. అంతకు మించితే శ, ష, స లాంటి ఊష్మాక్షరాలు నీళ్ళలోంచి వచ్చినట్టు మారతాయి, ఉక్రేనియన్‌లో అవి చాలా ఎక్కువ.

ఫోన్ దానంతటదే లెవెల్ సర్దే పద్ధతి ఇంకో చిక్కు. గాయకుడు ఊపిరి తీసుకునే సందులో ఫోన్ గెయిన్ (మైకు అందుకునే స్థాయి) పెంచుతుంది, చౌరస్తా శబ్దం ఉబికి వస్తుంది. చిన్న శబ్దాల్ని మూసేసే నాయిస్ గేట్ పెడితే గొంతు తెగి తెగి పడుతుంది. ప్రతి పదబంధాన్నీ ముక్క చేసి, ఊపిరి భాగాన్ని చేత్తో 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించి, రెండు చివర్లా 20 నుంచి 40 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వాలి. ఊపిరిని పూర్తిగా తీసెయ్యకూడదు. అది పోతే గొంతు మనిషిది కాకుండా పోతుంది.

భవనాల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని తుడిచే ప్రయత్నం దండగ. దాన్ని ఒప్పుకుని డ్రమ్స్‌కే కొంచెం గది శబ్దం చేర్చాలి. పొడిగా రికార్డయిన డ్రమ్స్ పక్కన ఆరుబయటి గొంతు పెడితే రెండు వేర్వేరు పాటలు ఒకేసారి మోగుతున్నట్టుంటుంది.

లయ పటం

క్లిక్ లేకుండా పాడిన గొంతు ఒకే చరణంలో నిమిషానికి 6 నుంచి 10 బీట్ల తేడాతో ఊగడం మామూలు. గొంతును సాగదీసి గ్రిడ్‌కి (సాఫ్ట్‌వేర్‌లోని మాత్రల గీతలకి) అంటించకూడదు, గ్రిడ్‌నే వంచాలి. ప్రతి బార్ మొదటి మాత్ర దగ్గర గుర్తు పెట్టి సాఫ్ట్‌వేర్‌లో మారే టెంపో పటం గీయాలి. గుర్తు హల్లు మొదట్లో కాదు, అచ్చు మొదలైన చోట పెట్టాలి. ‘స్లావ్’ లాంటి అక్షరంలో సకారం వినిపించాక అచ్చు రావడానికి సమయం పడుతుంది, చెవి మాత్రం అచ్చు దగ్గరే దెబ్బ పడిందనుకుంటుంది. హల్లు దగ్గర గుర్తు పెడితే స్నేర్ డ్రమ్ ప్రతిసారీ కాస్త ముందు పడి, గాయకుడు ఆలస్యంగా పాడుతున్నట్టు అనిపిస్తుంది. తప్పు గాయకుడిది అనుకుని గొంతును ముందుకు జరపడం మొదలవుతుంది. ఆ తర్వాత ఏదీ ఒక చోట నిలవదు.

గొంతును జరపక తప్పని చోట పదబంధాన్ని మొత్తంగా జరపాలి, లోపలి అక్షరాల్ని ముట్టుకోవద్దు. సాగదీత తప్పకపోతే 3, 4 శాతం లోపు, అదీ నిలిచిన దీర్ఘాల మీదే.

స్థిరమైన డాన్స్ బీట్‌కి ఇవన్నీ కుదరవు. బీట్ మారకూడదు కాబట్టి గొంతే వచ్చి దాని సందుల్లో కూర్చోవాలి. మనుషులు వాయించే రాక్ బ్యాండ్‌కి ఉన్న సౌకర్యం ఏంటంటే డ్రమ్మర్ వినగలడు. డ్రమ్మర్ హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ తగ్గించి, గొంతు పెంచి, వరుస చివరి దీర్ఘాల దగ్గర క్లిక్ పూర్తిగా తీసెయ్యాలి. హై-హ్యాట్ మీద ఎనిమిది దెబ్బలు ఆగకుండా కొడితే లయ ఊగిసలాట అంతా బయటపడుతుంది. నెమ్మదైన టామ్స్, బరువైన కిక్, అరుదుగా స్నేర్ పెట్టుకుంటే అది కనబడదు.

లయను వంచడానికి దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ‘గో ఎ’ బ్యాండ్ పాట ‘షుమ్’. వసంతకాలపు ఆటపాట, అంటే వెస్నాంకా, దానికి మూలం. 2021 మేలో రోటర్‌డామ్‌లో జరిగిన యూరోవిజన్ ఫైనల్‌లో 364 పాయింట్లతో అయిదో స్థానంలో నిలిచింది. కటెరీనా పావ్లెంకో గొంతు కింద టెంపో ఆగకుండా పెరుగుతూ పోతుంది. అక్కడ వేగం పెరగడమే పాట నిర్మాణం. ఇలాంటి పెంపుని మెట్లుమెట్లుగా కాకుండా వాలుగా గీయాలి, లేకపోతే ప్రతి మెట్టు దగ్గరా సోపిల్కా (ఉక్రెయిన్ వేణువు) ఊదేవాళ్ళ ఊపిరి లెక్క తప్పుతుంది. యూరోవిజన్‌లో పాట 3 నిమిషాలు దాటకూడదు, వాద్యాలన్నీ ట్రాక్ నుంచే రావాలి, ముందు గొంతు మాత్రం ప్రత్యక్షం. పెరిగే టెంపోలో ఒక్క ఊపిరి ఆలస్యమైతే ట్రాక్ ఆగి చూడదు.

శ్రుతి

ఒంటి గొంతు వాద్యాల ప్రామాణిక శ్రుతి 440 హెర్ట్జ్ దగ్గర దిగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొలవాల్సింది పాట మధ్యలో కాదు, ప్రతి వరుస చివరి నిలిచిన స్వరం దగ్గర. నాలుగు చోట్ల కొలిచి మధ్య విలువ తీసుకోవాలి. ఉదాహరణకి అది 35 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు) ఎక్కువ ఉందనుకుందాం. ట్యూనింగ్ 440 బదులు 449 హెర్ట్జ్ అవుతుంది. 35 సెంట్లు తక్కువైతే 431. గిటార్, బేస్, కీబోర్డ్ అయిదు నిమిషాల్లో అక్కడికి వస్తాయి.

ఉక్రెయిన్ వాద్యాలతోనే అసలు తంటా. బండూరా అనే తీగ వాద్యానికి దాదాపు 60 తీగలు. మొత్తం 35 సెంట్లు పెంచితే చెక్క మీద బిగువు మారి, చివరి తీగ సర్దేలోగా మొదటిది దిగిపోతుంది. సోపిల్కా వేణువు లాంటి ఊదుడు వాద్యం. రెండు ముక్కలుగా ఉంటే అతుకు లాగి కొంచెం తగ్గించొచ్చు, పెంచడానికి దారి లేదు. అలాంటప్పుడు గొంతు మొత్తాన్ని టేప్ వేగం తగ్గించినట్టు 2 శాతం నెమ్మది చెయ్యాలి. 35 సెంట్లు దిగి సరిగ్గా 440కి వస్తుంది, స్వరాల మధ్య అంతరాలు మారవు, అక్షరాలన్నీ ఒకే నిష్పత్తిలో సాగుతాయి, డిజిటల్ గరగర రాదు. పాట కాస్త బరువెక్కుతుంది, ఈ పాటకి అది నష్టం కాదు.

ఆటోట్యూన్ జోలికి పోకూడదు. పల్లె గొంతుల్లో, ముఖ్యంగా పొలిస్సియా అడవి ప్రాంతపు పాటల్లో, గాంధారం సాధారణానికీ (మైనర్) అంతరానికీ (మేజర్) మధ్య ఎక్కడో నిలుస్తుంది. వరుస చివర పైకి జారే కేక ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ తప్పులుగా చూసి దగ్గరి మెట్టు మీదికి తోసేస్తుంది. గిటార్ వైపు నుంచి దీనికి తేలికైన పరిష్కారం ఉంది: షడ్జమం, పంచమం మాత్రమే ఉండే పవర్ కార్డ్స్. గాంధారం ఏదో గొంతే చెబుతుంది. డిస్టార్షన్ పెట్టినప్పుడు గాంధారంతో కూడిన కార్డ్ ఎలాగూ మురికిగా మోగుతుంది, కాబట్టి రాక్ అలవాటు, జానపద అవసరం ఇక్కడ ఒకే చోట కలుస్తాయి. కీబోర్డ్ వాయించేవాళ్ళు అలవాటుగా పూర్తి మైనర్ కార్డ్ పట్టి దీన్ని పాడుచేస్తారు. వాళ్ళకి ముందే చెప్పి పెట్టాలి.

‘చెర్వోనా కలీనా’ మైనర్‌లో నడుస్తుంది. కానీ కొబ్జార్లు (ఊరూరా తిరిగే గాయకులు) బండూరా మీద పాడే దూమా కథాగేయాల నుంచి బాణీ తీసుకుంటే మెట్లు వేరు. కొన్నిటిలో ప్రతి మధ్యమం, అంటే హెచ్చించిన నాలుగో స్వరం, వస్తుంది. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళకి ఇది హేమవతి మేళం. ఫిలారెట్ కొలెస్సా 1908లో మైనపు సిలిండర్ల మీద కొబ్జార్ల దూమాలు రికార్డు చేశాడు. ఆ పనికి డబ్బు కవయిత్రి లేస్యా ఉక్రయీన్కా దంపతులు ఇచ్చారు. గిటారిస్టులు ఆ ప్రతి మధ్యమం వినగానే దాన్ని పంచమం కార్డ్‌కి మెట్టుగా వాడేస్తారు. బాణీ ఒక్కసారిగా పాత యూరప్ హోటల్ సంగీతంలా మారిపోతుంది. షడ్జమాన్ని బేస్‌లో కదలకుండా ఉంచి, పైన మైనర్ మొదటి కార్డ్, మేజర్ రెండో కార్డ్ మార్చుకుంటూ పోతే చాలు. ఆ రెండో కార్డ్‌లోనే ప్రతి మధ్యమం సహజంగా ఉంది.

అల్లిక, మిక్స్

చేతిలో ఒక్క చరణమే ఉంది, మూడు నిమిషాల పాట కావాలి. పింక్ ఫ్లాయిడ్ వెర్యోవ్కా జానపద బృందగానం రికార్డింగ్‌తో మొదలుపెట్టి, తర్వాత ఖ్లివ్‌న్యూక్‌ని తెచ్చి, గిటార్ సోలోకి చోటిచ్చింది. బృందగానాన్ని మొదట్లో పెట్టడం వెనక పనితనం ఉంది. దాని శ్రుతి వేరు, టెంపో వేరు, హాలు వేరు. దాన్ని ఖ్లివ్‌న్యూక్ గొంతు కింద వంతగా పరిచి ఉంటే పైన చెప్పిన పనంతా రెండింతలయ్యేది, అప్పటికీ హాలు, చౌరస్తా ప్రతిధ్వనులు కొట్టుకునేవి. ముందు విడిగా వినిపిస్తే అలాంటి తగువే లేదు.

అదే చరణాన్ని రెండోసారి వాడేటప్పుడు శ్రోత అదే ఊపిరిని, అదే చిన్న వణుకుని గుర్తుపడతాడు. కాబట్టి కింద ఉన్నది మారాలి: మొదటిసారి టామ్స్, బేస్, పలచని ఆర్గాన్, రెండోసారి పూర్తి కిట్, రెండు గిటార్లు. గొంతు మీద ఎఫెక్ట్ మార్చి కొత్తదనం తేవాలనుకోవడం చవక పని. సోలో కూడా గొంతు ఆగిన స్వరం దగ్గరే ఎత్తుకుంటే పాట కొనసాగినట్టుంటుంది. పెద్ద అంతరంతో దూకితే వేరే పాటకి వెళ్ళిపోయినట్టుంటుంది.

పల్లె స్త్రీల ‘తెల్ల గొంతు’ పద్ధతిలో, అంటే ఛాతీ నుంచి తెరిచి విసిరే పాటలో, శక్తి ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. డిస్టార్షన్ గిటార్ కూర్చునేదీ అక్కడే. గొంతు పెంచితే చెవులు గుచ్చుకుంటాయి, గిటార్ పెంచితే మాటలు మునిగిపోతాయి. గిటార్లని రెండుసార్లు రికార్డు చేసి పూర్తిగా ఎడమకీ కుడికీ తోసెయ్యాలి. యాంప్ గెయిన్‌ని అలవాటైన దానికన్నా మూడో వంతు తగ్గించాలి. 2.5 కిలోహెర్ట్జ్ చుట్టూ గొంతు వచ్చినప్పుడు మాత్రమే పనిచేసే డైనమిక్ ఈక్వలైజర్‌తో 3, 4 డెసిబెల్స్ కొయ్యాలి. సోపిల్కాని గొంతుతో పాటు మోగించకుండా వరుసల సందుల్లో పెట్టాలి.

ఆ గొంతుని కొత్తగా రికార్డు చేసేటట్టయితే మైకుని 40 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో, 10 డెసిబెల్స్ ప్యాడ్‌తో (మైకు స్థాయి తగ్గించే మీటతో) పెట్టాలి. పాప్ గాయకులకి పెట్టినట్టు 10 సెంటీమీటర్ల దగ్గర పెడితే ప్రీ-యాంప్‌లో శబ్దం పగులుతుంది, కేక చివర మొత్తం పోతుంది.

పొల్తావా ప్రాంతపు బహుగళ పాటలకి ఇంకో నియమం. క్రియాచ్కివ్కా గ్రామపు ‘ద్రేవో’ బృందం పాడేది ఆ తరహాయే. కింద గుంపు నడిపిస్తుంది, పైన ఒక్క గొంతు విడిగా అల్లుకుంటుంది, వరుస చివర అందరూ ఒకే స్వరం మీద లేదా అష్టకం మీద కలుస్తారు. ఆ కలిసే చోట బ్యాండ్ తప్పుకోవాలి. బేస్‌లో ఒకే స్వరం తప్ప ఏమీ వద్దు. ఒక్కో గాయకురాలికి విడి మైకు పెట్టి రికార్డు చేసిన ‘పాలిఫనీ ప్రాజెక్ట్’ ఆర్కైవ్‌లో ఏ గొంతు ఎక్కడ కలుస్తుందో విడదీసి వినొచ్చు. అరేంజ్‌మెంట్ రాసే ముందు ఒక పూట దానికి ఇవ్వడం మంచిది. అలాంటి బృందాన్ని వేదిక మీదికి తెస్తే అర్ధవృత్తంలో నిలబెట్టాలి, ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే మానిటర్) ఒక చెవికే ఇవ్వాలి. రెండు చెవులూ మూసేస్తే ఒకరి గొంతు ఒకరికి తగలదు, శ్రుతి రెండు వరుసల్లోనే విడిపోతుంది.

హక్కులు

చార్నెత్స్కీ 1944లో చనిపోయాడు, కాబట్టి రచయిత మరణం తర్వాత 70 ఏళ్ళు లెక్కించే దేశాల్లో ఆయన రాతకి రక్షణ 2014తో ముగిసింది. కానీ చౌరస్తాలో పాడిన గొంతు ఖ్లివ్‌న్యూక్‌ది, ఆ రికార్డింగ్ హక్కు వేరు. గిల్మర్ ఆయనతో మాట్లాడినప్పుడు ఆయన మోర్టార్ ముక్క తగిలి ఆసుపత్రిలో ఉన్నాడు. ఒప్పుకున్నాకే పాట బయటికి వచ్చింది, రాబడి ఉక్రెయిన్ మానవతా సహాయానికి వెళ్ళింది. పల్లె పాట తీసుకునేటప్పుడు ‘సంప్రదాయం’ అని ఒక్క మాట రాసి వదిలెయ్యడం పరిశ్రమలో అలవాటైపోయింది. పాట ఎవరిదీ కాకపోవచ్చు; విన్న రూపం మాత్రం ఒక ఊరిది, పాడిన మనుషులది, రికార్డు చేసినవాళ్ళది. క్రెడిట్‌లో ఆరు గళ్ళు ఉండాలి: ఊరు, జిల్లా, పాడినవాళ్ళు, సేకరించినవాళ్ళు, సంవత్సరం, అరేంజ్‌మెంట్. రికార్డింగ్ ముక్కనే వాడితే ఆర్కైవ్ నుంచి, పాడినవాళ్ళ నుంచి విడివిడిగా రాతపూర్వక అనుమతి తీసుకుని, రాబడిలో వాళ్ళ వాటా ఎంతో విడుదలకి ముందే ఆ కాగితంలో రాసుకోవాలి.